కత్తి ఒకరికి, కవిలె ఒకరికి

పన్ను వసూలు చేసేవాడూ దండు నడిపేవాడూ ఒక్కడే అయితే దూరప్రాంతపు అధికారి తానే రాజు కావచ్చునన్న భయం ప్రాంతీయ పాలనను చాలాసార్లు తీర్చిదిద్దింది. క్రీ.శ. 284లో రోమన్ చక్రవర్తి అయిన డయోక్లీషియన్ రాష్ట్రాలను చిన్నవిగా చీల్చి వాటి సంఖ్యను దాదాపు వందకు చేర్చి, పన్నెండు 'డయోసీస్'లుగా, అంటే రాష్ట్రాల సముదాయాలుగా కూర్చి, వాటిపై 'వికారియస్' అనే ప్రతినిధులను ఉంచాడు. సరిహద్దు సేనలను 'డుక్స్' అనే సేనానుల కిందికి మార్చే పని కూడా అప్పుడే ఊపందుకుంది. అయితే ముప్పు ముంచుకొచ్చినచోట ఈ విభజన నిలవలేదు. 535లో జస్టీనియన్ కొన్ని రాష్ట్రాల్లో రెండు అధికారాలనూ మళ్లీ కలిపాడు; ఆరో శతాబ్ది చివరికి రవెన్నా, కార్తేజ్‌లలో 'ఎక్సార్క్' అనే అధిపతి చేతికి రెండూ వచ్చాయి.

ఇక మన వైపు, నేటి చిట్యాల మండలం ఉన్న ఓరుగల్లు (వరంగల్) సీమలో, కాకతీయుల నాయంకర పద్ధతి మొదటినుంచీ రెండు అధికారాలనూ కలిపి ఇచ్చేదే: నాయకుడు కొంత ప్రాంతపు ఆదాయం అనుభవించి, బదులుగా రాజుకు సైన్యం పోషించేవాడు. నిజాం రాజ్యంలో తాలూకాదారు చాలాకాలం వసూళ్ల గుత్తేదారుగానే మెలిగాడు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ 1865లో 'జిల్లాబందీ' తెచ్చి, జిల్లాకు జీతం తీసుకునే అవ్వల్ తాలూకాదారును, తాలూకాకు తహసీల్దారును నియమించాడు. 1921లో న్యాయాధికారాన్ని కార్యనిర్వాహకుల నుంచి వేరుచేశారు.

గ్రామంలోనూ అదే విభజన కనిపిస్తుంది: శిస్తు వసూలు మాలీ పటేలుది, శాంతిభద్రతలు పోలీసు పటేలువి, ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో ఏటా పహాణీలో రాయడం పట్వారీది. కాని రోమన్ గవర్నరును చక్రవర్తి మార్చగలిగేవాడు, వతను అనే వంశపారంపర్య హక్కుతో వచ్చిన పటేలును మార్చడం అంత తేలిక కాదు. పైగా చాలా ఊళ్లలో ఈ పదవులు ఒకే కుటుంబంలోనో బంధువుల మధ్యనో ఉండటంతో, కాగితంమీద విడిపోయిన అధికారం ఒకే ఇంటి అరుగుమీద కలిసేది. పొలం ఎవరిదని పహాణీ చెప్పాలో ఆ అరుగే తేల్చేది.

1984లో పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యాయి, 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ జిల్లా చీలినప్పుడు చిట్యాల మండలం భూపాలపల్లి కేంద్రంగా ఏర్పడిన జిల్లాలో చేరింది. పదవి మారింది, హద్దూ మారింది, పహాణీ అన్న మాట మాత్రం రైతు నోట మిగిలింది.