కక్ష్యా మూలకాలు

ఒక ఖగోళ వస్తువు యొక్క కక్ష్యను, అందులో దాని స్థానాన్ని తెలిపే ఆరు రాశులను కక్ష్యా మూలకాలు అంటారు. కెప్లర్ 1609లో ప్రకటించిన నియమం ప్రకారం గ్రహకక్ష్య ఒక దీర్ఘవృత్తం. దాని ఒక నాభి వద్ద సూర్యుడు ఉంటాడు.

ఆరు మూలకాలు

* అర్ధ దీర్ఘాక్షం: కక్ష్య పరిమాణం.
* ఉత్కేంద్రత: కక్ష్య ఆకారం. ఇది సున్న అయితే కక్ష్య వృత్తమగును.
* వాలు: భూకక్ష్యా తలంతో కక్ష్య చేసే కోణం.
* ఆరోహణ పాతం: వస్తువు ఆ తలాన్ని దాటి ఉత్తరానికి వచ్చే బిందువు యొక్క దిశ. చంద్రుని విషయంలో ఈ బిందువునే మన జ్యోతిష గ్రంథాలు రాహువు అన్నాయి.
* పరిహేళి కోణం: ఆరోహణ పాతం నుండి, సూర్యునికి అతి సమీప బిందువైన పరిహేళి వరకు గల కోణం.
* ఒక నిర్ణీత సమయాన కక్ష్యలో వస్తువు స్థానం.

ఇతర గ్రహాల ఆకర్షణ వలన ఈ విలువలు నెమ్మదిగా మారుతాయి. కనుక అవి ఏ తేదీకి చెందినవో తప్పక పేర్కొంటారు.

ఉదాహరణ: సెరిస్

1801 జనవరి 1న పలెర్మోలో పియాజ్జి సెరిస్‌ను కనుగొన్నాడు. ఫిబ్రవరి 11 వరకు మాత్రమే దానిని పరిశీలించగలిగాడు. పిమ్మట అది సూర్యకాంతిలో మరుగైనది. ఆ కొద్ది పరిశీలనల నుండే 24 ఏళ్ళ గౌస్ దాని మూలకాలను గణించాడు. అదే ఏడాది డిసెంబరు 31న, గౌస్ సూచించిన చోటికి సమీపంలోనే ఫాన్ జాక్‌కు సెరిస్ తిరిగి కనిపించినది.