మారికుప్పం టికెట్టు

బ్రిటన్ పోస్టాఫీసు వాళ్లు ఏటా ఒక లెక్క తీస్తారు. ఏ నగరంలో శని, ఆదివారాలు గడిపితే ఎంతవుతుందని రెండు రాత్రుల హోటలు, ఇద్దరి భోజనం, కాఫీ, బీరు, మ్యూజియం టికెట్టు, బస్సు పాసు అన్నీ కూడి, యూరప్ నగరాలను వరసలో నిలబెడతారు. బెంగళూరుకు తూర్పున, రైల్లో సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఆ లెక్కకు అందని ఊరొకటి ఉంది. ఒకప్పుడు ఆ బ్రిటన్ వాళ్లే ‘లిటిల్ ఇంగ్లండ్’ చేసుకున్న కేజీఎఫ్, అంటే కోలారు బంగారు గనుల ఊరు.

ఈ దారిన చరిత్రకెక్కిన ప్రయాణం 1871 నాటిది. లెఫ్టినెంట్ జాన్ వారెన్ దాదాపు డెబ్బై ఏళ్ల ముందు రాసిన బంగారం కబురు చదివి, మైకేల్ ఫిట్జెరాల్డ్ లావెల్ అనే మాజీ సైనికుడు బెంగళూరు నుంచి కోలారుకు ఎద్దుల బండిలో బయల్దేరాడు. అరవై మైళ్లు. బెంగళూరు కంటోన్మెంటుకు జోలార్‌పేట నుంచి రైలు 1864లోనే వచ్చింది. అయినా బండే ఎక్కాడు. దారి పొడవునా రాళ్లు చూసుకుంటూ పోదామనుకున్నాడేమో! ఆయన పేరు బెంగళూరులో ఇప్పటికీ ఒక రోడ్డుకుంది.

1880లో బంగారం తవ్వడానికి జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ కంపెనీ దిగింది. 1894కల్లా బంగారపేట నుంచి గనుల దగ్గరి మారికుప్పం దాకా పది మైళ్ల రైలు మార్గం పడింది. అయితే దొరలకు సరదా కోసం నగరానికి పరుగెత్తాల్సిన అవసరం అంతగా లేదు. క్లబ్బు 1885 నుంచే ఉంది, గోల్ఫ్ మైదానం పక్కనే. 1902 జూన్‌లో శివనసముద్రం నుంచి సుమారు 150 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు కరెంటిచ్చారు. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది 1905లో! నగరమే గని దగ్గరకొచ్చాక హోటలు ఖర్చెందుకు?

ఆ వెలుగుకు దూరంగా తడికల గుడిసెల లైన్లుండేవి. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు, సేలం ప్రాంతాల నుంచి వచ్చిన కూలీలవి. చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. రోజూ అంత లోతుకు దిగి పైకొచ్చే మనిషికి వారాంతపు విహారం ఏ పద్దు కింద రాసుకోవాలి? ఆ పోస్టాఫీసు లెక్కలాంటి నగరాల పట్టికల మీద నా ఫిర్యాదు ఇదే: అవి తిరిగేవాడి జేబునే లెక్కిస్తాయి, ఆ ఊరిని నిలబెట్టినవాడి జేబును కాదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. బంగారం కోసం వేసిన పట్టాల మీదే ఇప్పుడు తెల్లవారకముందే వేలమంది బెంగళూరుకు పనికి పోతున్నారు. ప్యాసింజరు టికెట్టు బెంగళూరు కాఫీ షాపులో ఒక కప్పు కాఫీ కంటే చవక. సీజన్ టికెట్టైతే ఇంకా చవక. కానీ ఆ చవకలో రోజూ పోయే గంటలు కలపరు.

ఇక ‘కేజీఎఫ్’ సినిమా చూసి ఎదురు దిక్కున వచ్చే కుర్రకారు గని మూతుల దగ్గర, బంగారం తీయగా మిగిలిన సైనైడ్ దిబ్బల ముందు ఫోటోలు దిగుతారు. ఎంతిచ్చినా లోపలికి దిగే టికెట్టు మాత్రం లేదు. అందుకని నేనైతే కమ్మసంద్రంలో 108 అడుగుల లింగం ఉన్న కోటిలింగేశ్వరం చూసుకుని, మధ్యాహ్నానికి కోలారు చేరమంటాను. కోలారమ్మ గుడి, సోమేశ్వరాలయం ఊళ్లోనే ఉన్నాయి. ఓపికుంటే అంతరగంగె మెట్లెక్కొచ్చు. రైల్లో వెళ్తే దిగాల్సింది చివరి స్టేషను మారికుప్పంలో కాదు, ముందే బంగారపేటలో. కోలారుకు బస్సులు అక్కడ దొరుకుతాయి.