ఫ్రెంచి పసిడి నశ్య భరిణెలు - ముద్రలే సాక్ష్యాలు

పద్దెనిమిదవ శతాబ్దంలో ప్యారిస్ స్వర్ణకారులు బంగారంతో రూపొందించి, ఎనామిల్ పూతతో తీర్చిదిద్దిన నశ్యపు భరిణెలు ఫ్రెంచి హస్తకళకు మకుటాయమానాలు. రాజాస్థానం వీటిని విదేశీ రాయబారులకు బహూకరించేది.

ఈ కళ ఉన్నత దశలో ఉన్న కాలంలోనే కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, అనగా 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం ఫ్రెంచివారి అధీనంలో ఉండెను. 1753లో సలాబత్ జంగ్ కొండపల్లి సర్కారును వారికి అప్పగించారు. 1759లో మచిలీపట్నం కోట ఆంగ్లేయుల వశం కావడంతో ఆ అధికారం ముగిసింది. అనంతర కాలంలో మచిలీపట్నం పేరిట నశ్యం ఇంగ్లండులోనూ విక్రయమైంది.

మన స్వర్ణకారులు మీనా అని వ్యవహరించే ఎనామిల్ నిజానికి రంగు గాజుపొడి. దానిని బంగారు రేకుపై పరచి, సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో కరిగించి అతికిస్తారు. ఒక్కొక్క రంగుకు మరల కాల్చవలసి ఉన్నందున, చివరి కాల్పులో పూత చిట్లినా శ్రమంతా వ్యర్థమే.

భరిణె లోపలి ముద్రలు అత్యంత కీలకం. పనివాని ముద్ర కర్తను, స్వర్ణకార సంఘపు అక్షరం సంవత్సరాన్ని, సుంకపు ముద్రలు పన్ను చెల్లింపును తెలుపుతాయి. కరిగించినచో తూకం మిగులును, చరిత్ర మిగలదు.

2024 నవంబరు 20న ప్యారిస్‌లోని కొన్యాక్-జే మ్యూజియంలో పట్టపగలు ఏడు భరిణెలు అపహరణకు గురయ్యాయి.

మన దేశంలో నూరేళ్లు దాటిన కళాఖండాలు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు తరలించడం నిషిద్ధం. కావున ఇళ్లలోని పాత భరిణెలను కరిగించక, మెరుగు పెట్టించక, ముద్రలతో సహా భద్రపరచడం శ్రేయస్కరం.