విలియం హార్వీ కార్నీ

విలియం హార్వీ కార్నీ (1840–1908) అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడిన నల్లజాతి సార్జెంటు. వర్జీనియాలోని నార్ఫోక్‌లో బానిసగా పుట్టాడు. దొంగచాటుగా నడిచే బడిలో అక్షరాలు దిద్దుకున్నాడు. తర్వాత కుటుంబం మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్ ఓడరేవుకు చేరింది. మత బోధకుడు కావాలనుకున్న కార్నీ, 1863లో 54వ మసాచుసెట్స్ పదాతి దళంలో చేరాడు. అందులో సిపాయిలు నల్లవాళ్లు, అధికారులు తెల్లవాళ్లు. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు ఇస్తూ, వీళ్లకు 10 డాలర్లే కట్టి అందులోనూ బట్టల కింద 3 కోసేవారు. సమాన జీతం ఇచ్చేదాకా ఒక్క డాలరూ ముట్టబోమని ఆ దళం భీష్మించుకుంది. జీతం లేకుండానే యుద్ధం చేసింది.

1863 జూలై 18 సాయంత్రం చార్లెస్టన్ రేవు ముంగిట మోరిస్ దీవిలో దక్షిణాది సైన్యం చేతిలో ఉన్న వాగ్నర్ కోట మీదికి 54వ దళమే ముందు నడిచింది. అది ఇసుక దిబ్బలతో కట్టిన కోట. దళాన్ని నడిపిన కల్నల్ రాబర్ట్ గూల్డ్ షా గోడ మీదే నేలకొరిగాడు. జెండా పట్టినవాడు కూలిపోతుంటే కార్నీ తుపాకీ వదిలేసి జెండా అందుకున్నాడు. పొగలో దారి తోచని సిపాయికి జెండాయే గుర్తు. శత్రువు గురి కూడా దాని మీదే. దాన్ని పట్టుకోవడమంటే తుపాకీ లేకుండా గుండె చూపిస్తూ నిలబడడమే. కోట గోడ దాకా వెళ్లి అక్కడ జెండా నిలిపాడు. వెనక్కి తగ్గాల్సి వచ్చినప్పుడు ఒంట్లో తూటాలతో, ఒక చేత్తో గాయం అదుముకుని, మోకాళ్ల మీద పాకుతూ వచ్చాడు. దారిలో వేరే దళం సిపాయి ఒకడు జెండా తాను మోస్తానన్నాడు. తన దళం వాడికి తప్ప ఇవ్వనన్నాడు కార్నీ. జెండాను నేల తాకనివ్వలేదని తోటివాళ్లకు చెప్పి కుప్పకూలాడు. దాడికి దిగిన సుమారు 600 మందిలో 270 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, లేదా గల్లంతయ్యారు.

గాయాల కారణంగా 1864లో సైన్యం నుంచి విడుదలై, న్యూ బెడ్‌ఫర్డ్‌లో సుమారు 30 ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచాడు. అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ చేతికొచ్చింది 1900లో, అంటే ఆ దాడి జరిగిన 37 ఏళ్లకు. ఇది క్షమించలేని ఆలస్యం. అప్పటికే మరికొందరు నల్ల సిపాయిలకు ఆ పతకం దక్కినా, అది తెచ్చిపెట్టిన సాహసాల్లో తొలిది కార్నీదే. ఉద్యోగ విరమణ తర్వాత బోస్టన్‌లోని రాష్ట్ర ప్రభుత్వ భవనంలో మెసెంజర్‌గా చేరాడు. 1908లో అక్కడి లిఫ్టులో కాలు చిక్కుకుని, ఆ గాయంతో డిసెంబరులో కన్నుమూశాడు. అతను మోసిన జెండాను భద్రపరిచింది ఆ భవనంలోనే.