సెకండ్ గ్రేడ్ ప్లీడరు

1904 నాటికి రాజమండ్రిలో టంగుటూరి ప్రకాశం పంతులుకు లోటంటూ ఏమీ లేదు. చేతినిండా కేసులు, ఊరంతా పేరు, దానికి తోడు మునిసిపల్ ఛైర్మన్ పదవి. అయినా ఆ ఏడాదే అన్నీ పక్కనపెట్టి లండన్ ఓడెక్కారు. కారణం ఆయన సనదులోనే (వృత్తి అనుమతి పత్రంలోనే) ఉంది. ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరు. కింది కోర్టులో ఎంత గట్టిగా వాదించి గెలిచినా, కేసు అప్పీలుకు హైకోర్టుకు వెళ్లిందంటే కాగితాలు కట్టగట్టి మరొకరి చేతిలో పెట్టాల్సిందే. ఆయన వాదన విన్న ఒక బారిస్టరు, ఇంత తెలివి ఉన్నవాడివి ఇక్కడే ఎందుకు ఆగిపోతావని పురమాయించాడంటారు.

ప్రకాశం చిన్నతనం తెలుగువాళ్లకు తెలిసిన కథే. పదకొండేళ్లకు తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. చదువు ఆగిపోకుండా ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు వెంటబెట్టుకుని రాజమండ్రి తీసుకువెళ్లారు. అలాంటి ఇంటి కుర్రాడికి నేరుగా బారిస్టరు చదువు ఎక్కడ సాధ్యం? ముందు సెకండ్ గ్రేడ్ పరీక్ష, ఆ తర్వాత పదేళ్ల సంపాదన, ఆ పైనే లండన్. అవమానంగా తోచిన ఆ కింది మెట్టే ఆయన్ని పై మెట్టుకు చేర్చింది. తెలుగునాట లా చదువు చరిత్రలో తరచూ మరుగున పడిపోయే సంగతి ఇదే.

ఆ మెట్లు ఎలా ఏర్పడ్డాయో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. మద్రాసు రాజధానిలో ఈస్టిండియా కంపెనీ కోర్టులకు సనదు ఉన్న వకీళ్లు కావాలని 1802లో రెగ్యులేషన్ వచ్చింది. అప్పట్లో ఆ పని కొద్దిమంది చేతుల్లోనే ఉండేది. జాతి, మతం అడ్డు లేకుండా అర్హత ఉన్న ఎవరైనా ప్లీడరు కావచ్చని 1846 చట్టం తలుపు తెరిచింది. మరో పదేళ్లకు, 1856లో జరిగిన ప్లీడరీ పరీక్షలో మొదటి వరసలో నిలిచిన కుర్రాడు టి. ముత్తుస్వామి అయ్యర్. తంజావూరు వైపు పేద కుటుంబం. చిన్నప్పుడు గ్రామ కరణం దగ్గర నెలకు రూపాయి జీతానికి పనిచేసినవాడు. మద్రాసు హైకోర్టులో జడ్జి అయిన మొదటి భారతీయుడు ఆయనే.

 ఆ నియామకాన్ని ఇంగ్లీషు పత్రికలు తప్పుపడుతూ రాశాయి. వాటికి జవాబు చెప్పాలని 1878లో మద్రాసు తిరువళ్లిక్కేణిలో ఆరుగురు యువకులు కలిసి 'ది హిందూ' పత్రిక పెట్టారు. అందులో ఇద్దరు ఉపాధ్యాయులు, తక్కిన నలుగురూ లా విద్యార్థులు. ఆ నలుగురిలో ఒకరు న్యాపతి సుబ్బారావు పంతులు. చదువు ముగిసి పట్టాలు చేతికి రాగానే లా విద్యార్థులు పత్రికను ఉపాధ్యాయులకు వదిలి ప్రాక్టీసుకు వెళ్లిపోయారు. సుబ్బారావు రాజమండ్రి చేరి అక్కడ పేరుమోసిన వకీలు అయ్యారు. పుస్తకం ముందు కూర్చుని బట్టీ పట్టాల్సిన వయసులో పత్రిక పెట్టే తెగువ చూపిన ఆ కుర్రాళ్లు లా చదువును కేవలం బతుకుతెరువుగా చూడలేదు.

1879లో వచ్చిన లీగల్ ప్రాక్టీషనర్ల చట్టం నాటికి ఈ వృత్తిలో ఆరు తరగతులు ఉన్నాయి. అడ్వకేట్లు, అటార్నీలు, హైకోర్టు వకీళ్లు, ప్లీడర్లు, ముక్తార్లు, రెవెన్యూ ఏజెంట్లు. బారిస్టరు పట్టా తెచ్చుకున్నవాడు అడ్వకేటుగా నమోదై పెద్ద పీట వేసుకుని కూర్చునేవాడు. మద్రాసు విశ్వవిద్యాలయంలో బి.ఎల్. చదివినవాడు సీనియరు దగ్గర అప్రెంటిసుగా పనిచేసి హైకోర్టు వకీలు అయ్యేవాడు. డిగ్రీ లేనివాడికి ప్లీడరీ పరీక్షే దిక్కు. అందులో మళ్లీ ఫస్ట్ గ్రేడ్, సెకండ్ గ్రేడ్. ప్లీడరు సనదును ఏటా స్టాంపు రుసుము కట్టి కొత్తది చేయించుకోవాలి. కక్షిదారులను పట్టుకొచ్చి కమీషను తినే దళారుల పేర్లు కోర్టులోనే జాబితాగా తగిలించే అధికారం కూడా ఈ చట్టంలో తర్వాత చేరింది. ఆ బెడద ఎంత ముదిరిందో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు. ప్లీడర్ల అక్రమాల మీద కందుకూరి వీరేశలింగం 1880లోనే 'వ్యవహార ధర్మబోధిని' అనే నాటకం రాశారు. జనం దాన్ని ప్లీడరు నాటకం అనే పిలుచుకున్నారు.

కాలేజీ మెట్లెక్కని కుర్రాడు ఆ పరీక్షకు ఎలా తయారయ్యేవాడు? ఇందుకు సాయపడినవి ఇంగ్లీషు ప్రభుత్వం మరో పని మీద అచ్చువేసిన పుస్తకాలే. 1859లో సివిల్ ప్రొసీజర్ కోడ్, 1860లో పీనల్ కోడ్, 1872లో ఎవిడెన్స్ చట్టం, కాంట్రాక్టు చట్టం వరసగా వచ్చాయి. అంతకుముందు రెగ్యులేషన్లలో, తీర్పుల్లో, పండితుల అభిప్రాయాల్లో చెల్లాచెదురుగా ఉన్న న్యాయం ఒక్కసారిగా సెక్షన్లుగా, చేతిలో పట్టే పుస్తకంగా మారింది. పైగా పీనల్ కోడ్ లో చాలా సెక్షన్ల కింద ఉదాహరణలు ఉండేవి. దొంగతనం సెక్షనే తీసుకోండి. ఒకడు మరొకడి నేలలోని చెట్టును ఎత్తుకుపోవాలనే దురుద్దేశంతో, యజమాని ఒప్పుకోలు లేకుండా నరికితే, చెట్టు నేల నుంచి వేరైన క్షణానే దొంగతనం పూర్తయినట్టు. ఇంటికి మోసుకుపోయేదాకా ఆగక్కర్లేదు. నేలలో పాతుకుని ఉన్నంతసేపు చెట్టు చరాస్తి కాదు, తెగితే చరాస్తి అవుతుంది. ఇంత లోతైన విషయం గోదావరి గట్టున కూర్చున్న మెట్రిక్యులేషను కుర్రాడికి కూడా గురువు లేకుండానే బోధపడేది. హిందూ లాకు 1878లో మద్రాసు న్యాయవాది జాన్ మెయిన్ రాసిన గ్రంథం ఉండనే ఉంది.

కాలేజీ విషయానికొస్తే, 1855లోనే ప్రెసిడెన్సీ కాలేజీలో లా ప్రొఫెసరు పదవి ఏర్పడింది. మద్రాసు లా కాలేజీ 1891లో విడిగా మొదలైంది. కృష్ణా, గోదావరి, నెల్లూరు జిల్లాల్లోని పిల్లలు బి.ఎల్. కోసం అంతదూరం వెళ్లాల్సి వచ్చేది. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఆ కాలేజీలోనే చదివి, మద్రాసు అడ్వకేట్ జనరలై, చివరకు రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చున్నారు.

నైజాం ఇలాకాలో దారి వేరు. అక్కడ కోర్టు భాష ఉర్దూ, వకాలతు పరీక్షలూ వేరే. వందేమాతరం ఉద్యమంలో ఉస్మానియాకు దూరమైన పి.వి. నరసింహారావు నాగపూర్ వెళ్లి లా చదివి, తిరిగొచ్చి హైదరాబాద్ లో బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియరుగా చేరారు.

ఆడవాళ్లకు మాత్రం ఈ మెట్లు చాలాకాలం అందలేదు. లా పట్టా ఉన్నా రెజీనా గుహను 1916లో కలకత్తా హైకోర్టు, సుధాంశుబాల హజ్రాను 1921లో పాట్నా హైకోర్టు ప్లీడర్లుగా చేర్చుకోలేదు. 1923లో ప్రత్యేకంగా చట్టం చేస్తే గానీ ఆ అడ్డు పూర్తిగా తొలగలేదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఆ తర్వాతి తరం మనిషి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లొచ్చాక, వయసు మీద పడుతోందని వెనకాడకుండా బెనారస్ మెట్రిక్యులేషన్ కట్టింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అమ్మాయిలకు హాస్టలు లేకపోతే తోటి విద్యార్థినులను కూడగట్టి తానే ఏర్పాటు చేసుకుంది. 1942లో మద్రాసులో లా పట్టా అందుకుంది. రాజ్యాంగ సభలో అడుగుపెట్టేనాటికి ఆమె వెనక ఉన్నది ఇలా ఒక్కో ఇటుకా తానే పేర్చుకున్న చదువు.

ఈ కథలో పేరు లేని పాత్ర ఒకటుంది. ప్లీడరు గుమాస్తా. దావా కాగితాలు ఫైలింగ్ సెక్షనులో ఇవ్వడం, కోర్టు ఫీజు స్టాంపు లెక్క చూడడం, వకాల్తా మీద కక్షిదారు చేత సంతకం చేయించడం, సమన్లకు బత్తా కట్టడం, అభ్యంతరాలతో వెనక్కొచ్చిన కాగితం సరిదిద్ది మళ్లీ వేయడం, నకళ్లకు దరఖాస్తు పెట్టడం, వాయిదా తేదీ డైరీలో ఎక్కించడం. ఇవన్నీ అతని పనులే. ఆ డైరీలో ఒక్క తేదీ తప్పుగా ఎక్కితే కేసు ఎక్స్‌పార్టీ అయిపోతుంది. కొత్తగా చేరిన జూనియరుకు కోర్టులో ఏ కాగితం ఏ గదికి వెళ్లాలో చెప్పేది సీనియరు కాదు, గుమాస్తాయే. అమెరికాలో పారాలీగల్ అంటూ కోర్సులు పెట్టి నేర్పే పనిలో చాలా భాగం మన కోర్టుల్లో తరతరాలుగా ఈ మనిషి, ఏ సర్టిఫికెట్టూ లేకుండా, చూసి నేర్చుకుని చేస్తున్నాడు.

1961 అడ్వకేట్ల చట్టం తరగతులన్నీ ఎత్తేసింది. ఉన్న ప్లీడర్లు కొనసాగవచ్చు, కొత్తగా మాత్రం ఒక్కటే తరగతి, అడ్వకేటు. అది న్యాయమైన మార్పు. కింది కోర్టులో పుట్టిన కేసును అదే న్యాయవాది సుప్రీంకోర్టు దాకా వాదించవచ్చు. ప్రకాశం కష్టం ఇంకెవరికీ రాకుండా పోయింది. కానీ ఆయన ఎక్కిన మెట్టు కూడా దాంతోనే పోయింది. తక్కువ చదువుతో మొదలై, సంపాదించుకుంటూ పైకి వెళ్లే దారి మూసుకుపోయింది. ఇప్పుడు లాసెట్ రాసి ఇంటర్ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాతైతే మూడేళ్లు చదవాలి. జాతీయ లా విశ్వవిద్యాలయాలకు 2008 నుంచి క్లాట్ ఉంది. పట్టా చేతికొచ్చాక 2011 నుంచి బార్ కౌన్సిల్ పరీక్ష కూడా గట్టెక్కాలి. జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో తిరిగి నిబంధన పెట్టింది.

పరీక్షల బరువు కంటే, పట్టా వచ్చాక ఫీజు కళ్లజూసే దాకా గడిచే ఏళ్ల బరువే పేదింటి పిల్లలకు ఎక్కువ. ఈ సంగతి ఆలస్యంగానైనా ప్రభుత్వాల దృష్టికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో జూనియర్ న్యాయవాదులకు మొదటి మూడేళ్లు నెలకు 5,000 రూపాయల పథకం మొదలుపెట్టింది. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా సీనియర్లు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సూచనే, నిర్బంధం కాదు. గుమాస్తాకైతే ఆ సూచన కూడా లేదు. ముప్పై ఏళ్లు కోర్టులో తిరిగిన గుమాస్తా న్యాయవాది కావాలనుకున్నా ఇంటర్ పైన ఐదేళ్లు గానీ, డిగ్రీ పైన మూడేళ్లు గానీ లా చదవాల్సిందే. 2008 నిబంధనల ప్రకారం ఆ క్లాసులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. కోర్టు నడిచేదీ అదే వేళల్లో.