ముద్రణ, వెబ్ గ్రాఫిక్స్ తయారీ

ముద్రణ గ్రాఫిక్స్ కాగితం మీద సిరాతోనూ, వెబ్ గ్రాఫిక్స్ తెర మీద వెలుగుతోనూ రూపం పొందుతాయి. రంగుల్లో, కొలతల్లో, ఫైలు రకాల్లో రెండింటికీ ఉన్న తేడాలకు ప్రధాన మూలం ఇదే.

ఫొటోను చిన్న చిన్న చుక్కలుగా విడగొట్టి అచ్చువేసే హాఫ్‌టోన్ పద్ధతి 19వ శతాబ్దం చివర్లో పత్రికల్లోకి వచ్చింది. న్యూయార్క్‌లోని ‘డైలీ గ్రాఫిక్’ 1880 మార్చి 4న ఈ పద్ధతిలో ఒక ఫొటో ప్రచురించింది. తర్వాత రంగుల ముద్రణకు సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల పద్ధతి (సీఎంవైకే) స్థిరపడింది. ఒక్కో సిరాకు ఒక్కో ప్లేటు ఉంటుంది. 1984లో అడోబ్ పోస్ట్‌స్క్రిప్ట్, 1985లో ఆల్డస్ పేజ్‌మేకర్, 1990లో ఫొటోషాప్ రావడంతో పేజీలను, బొమ్మలను అచ్చుకు సిద్ధం చేసే పని కంప్యూటర్ మీదికి మారింది.

1993లో మొజాయిక్ బ్రౌజర్ అక్షరాల పక్కనే బొమ్మలు చూపించడంతో వెబ్ గ్రాఫిక్స్‌కు గిరాకీ పెరిగింది. డయలప్ కనెక్షన్ల మీద పెద్ద ఫైలు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టేది. అందువల్ల ఫైలు సైజు తగ్గించడమే ముఖ్యమైంది. 256 రంగులకు పరిమితమైన జిఫ్ (1987) లోగోలకు, కంటికి అంతగా తెలియని వివరాలను వదిలేసే జేపెగ్ (1992) ఫొటోలకు వాడుకలోకి వచ్చాయి. జిఫ్‌పై పేటెంట్ వివాదం రేగడంతో 1996లో పీఎన్‌జీ రూపొందింది. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను (ఆర్‌జీబీ) కలిపి రంగులు చూపుతుంది. తెర మీద మెరిసే ఆకుపచ్చ, నీలం రంగులు కొన్ని సిరాకు అందవు. అచ్చులో వెలిసినట్టు కనిపిస్తాయి.

కొలతల తేడా కూడా పెద్దదే. వెబ్‌లో లెక్క పిక్సెళ్లది, అచ్చులో అంగుళాలది. 1200 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో వెబ్ పేజీకి సరిపోతుంది. మంచి ముద్రణకు వాడే అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన అదే ఫొటో నాలుగు అంగుళాలకే చాలుతుంది. వెబ్ బొమ్మ 72 డీపీఐలో (అంగుళానికి 72 చుక్కలు) ఉండాలన్న మాట తొలి మ్యాకింటోష్ తెర నుంచి వచ్చింది. ఫైల్లోని ఆ అంకెను బట్టి బ్రౌజర్ బొమ్మ సైజును నిర్ణయించదు. అంచుదాకా అచ్చుపడాల్సిన బొమ్మకు కటింగ్ కోసం సాధారణంగా అంచు దాటి 3 మిల్లీమీటర్ల అదనపు భాగం (బ్లీడ్) ఉంచుతారు. చిన్న అక్షరాలకు నల్ల సిరా ఒక్కటే వాడతారు. నాలుగు సిరాలు కలిపితే, ప్లేట్లు కాస్త జరిగినా అక్షరం అలుక్కుపోతుంది. వెబ్‌లో ఈ రెండు జాగ్రత్తలూ అక్కర్లేదు.

2010లో ఐఫోన్ 4 అంగుళానికి 326 పిక్సెళ్ల తెరతో వచ్చాక, వెబ్‌కూ రెట్టింపు పిక్సెళ్ల బొమ్మలు అవసరమయ్యాయి. ఎంత పెంచినా అంచులు చెదరని ఎస్‌వీజీ లోగోలకు వాడుతున్నారు. రెండు చోట్లా వాడాల్సిన బొమ్మను ముందు పెద్ద సైజులో ఆర్‌జీబీలో సిద్ధం చేసి, దాని నుంచి అచ్చుకు పీడీఎఫ్, వెబ్‌కు చిన్న ప్రతి తీయడం మేలు. వెబ్ కోసం కుదించిన ప్రతిలో పోయిన వివరాలు అచ్చు కోసం దాన్ని పెంచినా తిరిగి రావు.