"ఎప్పుడూ ఏమీ కాలేదు కదా!" – ప్రాణాలు తీస్తున్న ధీమా

ప్రమాదం జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్తే చాలాచోట్ల ఒకే మాట వినిపిస్తుంది. "రోజూ ఇలాగే చేసేవాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఏమీ కాలేదు." పోయినవాడు అర్ధరాత్రి ఫ్లైఓవర్ మీద బైక్ ముందు చక్రం లేపిన కుర్రాడు కావచ్చు, బెల్టు లేకుండా నాలుగో అంతస్తు గోడకు ఏసీ బిగించిన మెకానిక్ కావచ్చు. మాట మాత్రం మారదు. పుట్టెడు దుఃఖంలో ఉన్నవాళ్లు అనే మాట ఇది. కానీ నిదానంగా ఆలోచిస్తే ప్రమాదానికి కారణం కూడా ఈ మాటలోనే కనిపిస్తుంది.

ఇలాంటివాళ్లను మనం "బుద్ధి లేనివాళ్లు" అని తేల్చేస్తాం. నిజానికి వాళ్లలో చాలామంది తెలివైనవాళ్లే, పనిలో చెయ్యి తిరిగినవాళ్లే. మరి ఎందుకు చేస్తారు? వాళ్లను మోసం చేసేది తెలివి తక్కువతనం కంటే ఎక్కువగా వాళ్ల అనుభవమే. తప్పు చేసి బతికి బయటపడ్డ ప్రతిసారీ భయం కొంచెం తగ్గుతుంది. ప్రమాదం మాత్రం అంతే ఉంటుంది.

తప్పు మామూలైపోతే

ఇది చదువు లేకపోవడం వల్ల వచ్చే సమస్య కాదు. 2003 ఫిబ్రవరి 1న అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా భూమికి తిరిగివస్తూ ముక్కలైంది. మన దేశంలో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. నౌక పైకి లేచినప్పుడు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. అంతకుముందు ప్రయాణాల్లో కూడా నురుగు ఊడింది, నౌకకు తగిలింది. అయినా ప్రతిసారీ క్షేమంగా తిరిగొచ్చారు. దాంతో అది "మామూలే" అయిపోయింది. 1986లో ఛాలెంజర్ నౌక పేలిపోయినప్పుడు కూడా ఇదే కథ. రబ్బరు రింగులు దెబ్బతింటున్నట్టు ముందే కనిపించింది. అంత చలిలో ప్రయోగం వద్దని ముందురోజు రాత్రే ఇంజనీర్లు చెప్పారు. ఎవరూ వినలేదు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్ ఛాలెంజర్ ఘటన మీద పరిశోధన చేసి దీనికి ఒక పేరు పెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే "తప్పు మామూలైపోవడం". అంత పెద్ద సంస్థలో, అంత చదువుకున్నవాళ్ల మధ్యే ఇలా జరిగితే మన వర్క్‌షాపులో, మన వీధిలో జరగడం వింతేమీ కాదు.

దీనికి తోడు మన మీద మనకుండే అతి నమ్మకం. 1981లో స్వీడన్ పరిశోధకుడు ఓలా స్వెన్సన్ కొందరు డ్రైవర్లను మీ నైపుణ్యం ఎంత అని అడిగాడు. అమెరికా బృందంలో 93 శాతం, స్వీడన్ బృందంలో 69 శాతం మంది తాము సగం మంది కంటే బాగా నడుపుతామని చెప్పారు. లెక్క ప్రకారం అది కుదరదు. కానీ ఎవరికి వారు "నాకేం కాదు" అనే అనుకుంటారు.

కుర్రాళ్లు దోస్తుల ముందు ఎందుకు మారిపోతారు?

ఇంట్లో నెమ్మదిగా ఉండే పిల్లవాడు బయట అలా ఎలా చేశాడని తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 306 మందితో కారు నడిపే వీడియో గేమ్ ఆడించారు. కొందరు ఒంటరిగా ఆడారు, కొందరు స్నేహితులు చూస్తుండగా ఆడారు. టీనేజీ పిల్లలు దోస్తులు పక్కనుంటే చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. 24 ఏళ్లు దాటినవాళ్లలో పెద్ద తేడా రాలేదు. ఆవేశాన్ని ఆపి ఆలోచింపజేసే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి 25 ఏళ్ల వరకు పడుతుంది. ఇప్పుడు దోస్తులు పక్కనే ఉండక్కర్లేదు, ఫోన్ కెమెరా ఆన్ చేస్తే చాలు. వందలమంది చూస్తున్నట్టే.

హైదరాబాద్‌లో షబె బరాత్ రాత్రి చాలా ఫ్లైఓవర్లను పోలీసులు ఎందుకు మూసేస్తారో అందరికీ తెలుసు. ఇబాదత్ చేయాల్సిన "జాగ్నే కీ రాత్" కొందరు కుర్రాళ్లకు రేసింగ్ రాత్రి అయింది. ముగ్గురేసి ఎక్కడం, హెల్మెట్ లేకపోవడం, సైలెన్సర్ పీకేయడం. పిల్లవాడు మస్జిద్‌లో ఉన్నాడని ఇంట్లో అనుకుంటారు.

వేగం లెక్క కూడా తెలుసుకోవాలి. పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులున్న బండి 30 కిలోమీటర్ల వేగంలో ఉంటే, అడ్డం కనిపించినప్పటి నుంచి ఆగడానికి సుమారు 13 మీటర్లు చాలు. 60లో సుమారు 37 మీటర్లు కావాలి, 90లో సుమారు 70. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక పోయే దూరం నాలుగింతలవుతుంది. చెయ్యి ఎంత తిరిగినా ఈ లెక్క తప్పదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో హెల్మెట్ పెట్టుకోనివారే 50,029 మంది.

18 ఏళ్లు నిండని పిల్లవాడికి బండి ఇస్తే శిక్ష పెద్దలకే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఏ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి ఓనర్‌కో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

పట్టాల మీద సెల్ఫీ

100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటుతుంది. "అది ఇంకా దూరంగా ఉంది" అని ఫోన్ వైపు చూసి తల తిప్పిన పది సెకన్లలో 280 మీటర్లు వచ్చేస్తుంది. డ్రైవర్ బ్రేక్ వేసినా వందల మీటర్లు పోతే గానీ ఆగదు.

ఆగి ఉన్న గూడ్స్ బండి ఎక్కడం ఇంకా ప్రమాదం. ఇంట్లో కరెంటు 230 వోల్టులు. రైలు తీగల్లో 25,000 వోల్టులు. తీగను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు, గాలిలోంచే కరెంటు దూకుతుంది. తీగకు తగలకపోతే ఏమీ కాదని నమ్మి ఎక్కేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

వర్క్‌షాపులో, షాపులో

మన కుటుంబాల్లో మెకానిక్కులు, వెల్డర్లు, పంక్చర్ షాపులవాళ్లు, ఏసీ పనివాళ్లు, పెయింటర్లు చాలామంది. ఈ పనుల్లో "మామూలే" అనిపించే ప్రమాదాలు కొన్ని ఉన్నాయి.

లారీ టైరు: రెండు ముక్కల రిమ్ములో లాక్ రింగు సరిగా కూర్చోకపోతే గాలి నిండేటప్పుడు తూటాలా ఎగిరి తలకు తగులుతుంది. గాలి పెట్టేటప్పుడు టైరుకు ఎదురుగా నిలబడొద్దు, దాని మీదికి వంగొద్దు. ఇనుప కేజీలో పెట్టి, పొడుగు పైపుతో పక్కనుంచి గాలి నింపాలి.

ఖాళీ డ్రమ్ము: పెట్రోల్, డీజిల్, థిన్నర్ ఉన్న డ్రమ్మును "ఖాళీదే కదా" అని వెల్డింగ్ చేస్తారు, కట్ చేస్తారు. లోపల మిగిలిన ఆవిరికి గాలి కలిసి ఉంటుంది కాబట్టి నిండు డ్రమ్ము కంటే ఖాళీదే ఎక్కువ పేలుతుంది.

ఏసీ లీకేజీ టెస్టు: దీనికి నైట్రోజన్ గ్యాసే వాడాలి. అది దొరకలేదని కొందరు ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తారు. ఒత్తిడితో వచ్చే ఆక్సిజన్ కంప్రెసర్ నూనెకు తగిలితే బాంబులా పేలుతుంది.

ఎత్తు మీద పని: "రెండు నిమిషాల పని, బెల్టు ఎందుకు" అంటారు. కింద పడడానికి రెండు నిమిషాలు పట్టదు. మూడో అంతస్తు నుంచి నేల తాకడానికి రెండు సెకన్లు కూడా పట్టదు.

ఒకరి కోసం దిగి ముగ్గురు

సెప్టిక్ ట్యాంకుల్లో, మ్యాన్‌హోళ్లలో, పాత బావుల్లో చావులు ఒకటితో ఆగవు. మొదట దిగినవాడు పడిపోతాడు. అతన్ని కాపాడడానికి తమ్ముడో, తోటి పనివాడో దిగుతాడు. ఇది స్టంటు కాదు, మంచి మనసుతో చేసిన పని. కానీ ఫలితం అదే.

కుళ్లిన మురుగు నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన ఉంటుంది. గ్యాస్ ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, అప్పుడు వాసన పోయిందని మనిషి ధీమా పడతాడు. గాలిలో మామూలుగా 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. లోపల అది బాగా తగ్గిపోతే ఒకటి రెండు శ్వాసలకే స్పృహ తప్పవచ్చు. ముక్కుకు తడి గుడ్డ కట్టుకుంటే ఉపయోగం లేదు, లేని ఆక్సిజన్‌ను గుడ్డ ఇవ్వదు. బావిలోకి డీజిల్ ఇంజన్ దించి నడిపితే దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు.

ఎవరైనా లోపల పడిపోతే దిగొద్దు. 112కు, ఫైర్ సర్వీస్ 101కి ఫోన్ చేయండి. పైనుంచి తాడు వేయండి, గాలి పంపే ఏర్పాటు చేయండి. దీపం, అగ్గిపుల్ల దగ్గరికి తేవొద్దు, మీథేన్ ఉంటే అంటుకుంటుంది.

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. కాంట్రాక్టరుకే కాదు, పని చేయించుకునే ఇంటి యజమానికీ ఇది వర్తిస్తుంది. మురుగు కాలువల పనిలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

గల్ఫ్‌లో ఉన్నవారికి

నిజామాబాద్, జగిత్యాల, కడప, హైదరాబాద్ పాతబస్తీ నుంచి వెళ్లిన ఎంతోమంది గల్ఫ్‌లో ఎండలో పనిచేస్తున్నారు. వేసవిలో మధ్యాహ్నం బయటి పని అక్కడ చట్టప్రకారం బంద్. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు 12 నుంచి 3 గంటల దాకా, యూఏఈలో అవే తేదీల్లో 12.30 నుంచి 3 దాకా, ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి 3.30 దాకా, కువైట్‌లో జూన్, జూలై, ఆగస్టు నెలల్లో 11 నుంచి 4 దాకా. "అలవాటైపోయింది, తట్టుకుంటా" అనేవాళ్లే వడదెబ్బకు పడిపోతారు. చెమట ఆగిపోవడం, మాట తడబడడం కనిపిస్తే అది అలసట కాదు. వెంటనే నీడకు చేర్చి ఒంటిని చల్లబరచి అంబులెన్స్ పిలవాలి.

ఈసీఆర్ పాస్‌పోర్టుతో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోతే, శాశ్వత వైకల్యం వస్తే 10 లక్షల వరకు వస్తుంది. పాలసీ నకలు ఇంట్లో ఉంచుకోండి.

"వాడిదే తప్పు" అంటే హక్కు పోదు

ఒక తేడా మరిచిపోవద్దు. రీల్ కోసం రైలెక్కినవాడికి వద్దనే స్వేచ్ఛ ఉంది. బెల్టు ఇవ్వని సేఠ్ దగ్గర రోజుకూలీకి అంత స్వేచ్ఛ లేదు. వద్దంటే రేపు పని ఉండదు. ఇద్దరినీ ఒకే గాటన కట్టి "నిర్లక్ష్యం" అనడం అన్యాయం.

పనిలో మనిషి పోతే యజమాని తరఫువాళ్లు వచ్చి "హెల్మెట్ పెట్టుకోలేదు, తప్పు అతనిదే, ఏమీ రాదు" అని ఎంతో కొంత చేతిలో పెట్టి సంతకం అడుగుతారు. తొందరపడి సంతకం చేయొద్దు. 1923 నాటి కార్మిక పరిహార చట్టంలోనూ, 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ సూత్రం ఒకటే. కార్మికుడు భద్రతా నియమం పాటించలేదన్న సాకు, మరణం లేదా పూర్తి శాశ్వత వైకల్యం కలిగిన కేసుల్లో చెల్లదు. ముందు కార్మిక శాఖ అధికారిని, తెలిసిన వకీలును కలవండి.

తక్దీర్ పేరుతో

"రాసిపెట్టి ఉంటే ఇంట్లో కూర్చున్నా వస్తుంది" అనే మాట మన ఇళ్లలో తరచూ వింటాం. విశ్వాసం వేరు, దాన్ని సాకుగా వాడుకోవడం వేరు. మన చేతులతో మనల్ని మనం నాశనంలో పడేసుకోవద్దని ఖుర్ఆన్ హెచ్చరించింది. ముందు ఒంటెను కట్టి తర్వాత అల్లాహ్ మీద భారం వేయమని దైవప్రవక్త (స) నేర్పారు. పిట్టగోడ లేని డాబా మీద పడుకోవద్దని కూడా హదీసులో ఉంది.

సిరియాలో ప్లేగు ఉందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటు నుంచి వెనుదిరిగారు. అల్లాహ్ రాసినదాని నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, అవును, ఆయన రాసిన ఒకదాని నుంచి ఆయనే రాసిన మరొకదాని వైపు వెళ్తున్నామని జవాబిచ్చారు. జాగ్రత్త కూడా తక్దీర్‌లో భాగమే.

ఇంట్లో ఏం చేయాలి?

పిల్లవాడు స్టంటు వీడియో చూపిస్తే నవ్వొద్దు, "బాగా చేశావ్" అనొద్దు. బంధువుల పిల్లలదైనా షేర్ చేయొద్దు. తిట్టడం కంటే ఆగే దూరం లెక్క కాగితం మీద వేసి చూపించండి. జాగ్నే కీ రాత్‌కు బండి తాళం పెద్దల దగ్గర ఉంచండి, వీలైతే తండ్రీకొడుకులు కలిసే మస్జిద్‌కు వెళ్లండి. పని నుంచి వచ్చిన మనిషిని "ఎంత వచ్చింది?" అని అడిగినట్టే "ఈరోజు తృటిలో తప్పిందేమైనా ఉందా?" అని అడగండి. జారిన నిచ్చెన, ఊడిన రింగు, కొట్టిన షాక్, అన్నీ చెప్పనివ్వండి. చెప్పినందుకు గొడవ పడొద్దు, గొడవ పడితే రేపటి నుంచి చెప్పడు.

తృటిలో తప్పింది అంటే మనం గట్టివాళ్లమని కాదు. అల్లాహ్ ఒక అవకాశం ఇచ్చాడని. ఆ రోజే బెల్టు కొనాలి, ఆ రోజే బండి తాళం తీసుకోవాలి. "ఏమీ కాలేదు కదా" అని వదిలేస్తే, ఆ మాట రేపు పరామర్శకు వచ్చినవాళ్లకు చెప్పాల్సి వస్తుంది.